రిఫండ్ రాలేదా? ముందు బ్యాంకు ఖాతా చూడండి

అమలాపురంలో మా బాబాయి గారికి ఇన్‌కమ్ ట్యాక్స్ రిఫండ్ నాలుగు నెలలు రాలేదు. కొబ్బరి దింపులు వదిలేసి మరీ పాస్‌బుక్ పట్టుకుని బ్యాంకు చుట్టూ తిరిగారు. తీరా ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో చూస్తే ‘రిఫండ్ ఫెయిల్డ్’ అని ఉంది. బ్యాంకు వేరేదానిలో విలీనమైంది, పోర్టల్‌లో మాత్రం పాత ఐఎఫ్‌ఎస్‌సీ కోడే ఉంది. అదీ సంగతి! ప్రొఫైల్‌లో ‘మై బ్యాంక్ అకౌంట్’లోకి వెళ్లి కొత్త కోడ్‌తో వ్యాలిడేట్ చేసి, ‘సర్వీసెస్’లో ‘రిఫండ్ రీఇష్యూ’ పెట్టాం. పాన్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఖాతాలో పొడి అక్షరమే ఉన్నా రిఫండ్ ఆగిపోవచ్చు.

అన్నట్టు, రిటర్న్ వేసిన 30 రోజుల్లోపు ఈ-వెరిఫై (అది మీరే వేశారని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చేశారా? చేయకపోతే అసలు ప్రాసెసింగే మొదలవదు. రిఫండ్ ఆలస్యానికి సాధారణంగా నెలకు 0.5 శాతం వడ్డీ కలుపుతారు గానీ, దాని మీదా పన్ను ఉంటుందండోయ్.