పల్లెలో చర్చి కట్టేముందు ఒక ఆదివారం నేల మీద కూర్చోండి

కొత్త చర్చి ప్లాను కోసం వచ్చే సంఘ పెద్దలు చాలామంది మొదట గోపురం ఎత్తు గురించే మాట్లాడతారు. నేను మాత్రం ఆదివారం మీలో ఎవరు ఎక్కడ కూర్చుంటారని అడుగుతాను. మా నాన్న పల్లెల్లో పాస్టరు. పాకల్లో, పెంకుటిళ్ళలో, వేపచెట్ల కింద జరిగిన ఆరాధనల్లో పెరిగినదాన్ని. అందుకే టేపు బయటికి తీసేముందు ఆ సంఘంతో రెండు ఆదివారాలు గడుపుతాను. వాటిలో ఒకటి ప్రభువు బల్ల, అంటే రొట్టె, ద్రాక్షరసం ఇచ్చే ఆదివారం అయ్యేలా చూసుకుంటాను. ఆడవాళ్ళు ఎటు కూర్చున్నారు, పసిపిల్లల తల్లులు ఏ గుమ్మం పక్కన చేరారు, మోకాళ్ళ నొప్పులవాళ్ళ కుర్చీలు ఎక్కడున్నాయి, బల్ల దగ్గరికి వరుస ఎటునుంచి కదిలింది, అన్నీ రాసుకుంటాను. మీరూ ఈ పని చేయండి. ఇంజనీరుకు ఆ కాగితం ఇవ్వండి.

చాపల మీద కూర్చునే సంఘానికి మధ్య దారితో కలిపి మనిషికి సుమారు 7 చదరపు అడుగులు లెక్క వేస్తాను. 200 మందికి 30 అడుగుల వెడల్పు, 57 అడుగుల పొడవు సరిపోతుంది. అందులో ముందు 10 అడుగులు వేదికకు పోతాయి. క్రిస్మస్ జనాన్ని చూసి హాలు పెంచకండి. రెండు పక్కలా 8 అడుగుల వరండా వేసి, హాల్లోంచి వరండాలోకి వెడల్పాటి తలుపులు పెట్టండి. పండుగనాడు అవి తెరిస్తే వరండా కూడా చర్చే. మిగతా రోజుల్లో అక్కడే ఆదివారపు బడి, స్త్రీల కూడిక, ప్రేమవిందు భోజనాల పంక్తి నడుస్తాయి.

కిటికీల విషయంలో చాలామంది ఇంటి కొలతే వాడతారు. నేల నుంచి 3 అడుగుల ఎత్తున కిటికీ మొదలైతే గాలి కూర్చున్నవాళ్ళ తలల మీదుగా వెళ్ళిపోతుంది. 1 అడుగు ఎత్తు నుంచే మొదలుపెట్టి కింది భాగానికి ఇనుప ఊచలు వేయించండి. మే నెలలో పొద్దున్న పదకొండు గంటలకు ప్రసంగం వింటున్న తల్లికీ ఒళ్ళో బిడ్డకీ ఆ గాలి తగలాలి. పొడవు గోడలు ఉత్తర, దక్షిణాలకు ఉంటే ఎండ తగ్గుతుంది. వేదిక తూర్పున వస్తే దాని వెనక కిటికీ వద్దు, ఉదయపు వెలుగులో పాస్టరు గారి ముఖం కనబడదు. పక్క కిటికీల వెలుగు చాలు. వేదిక ఎత్తు కూడా అడుగున్నర దాటితే ముందు వరుస మెడలెత్తి చూడాలి.

శబ్దం గురించి నేను ఆలస్యంగా నేర్చుకున్నాను. ఒక ఊళ్ళో నేను గీసిన చర్చికి స్లాబు, నున్నటి టైల్స్, గోడలకు గ్రానైటు వేశాం. ప్రతిష్ఠ రోజున వెనక వరుసలో ఒక పెద్దావిడ చెవి వెనక చెయ్యి పెట్టుకుని ప్రసంగమంతా కూర్చుంది. బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "చాలా బాగుందమ్మా, వాక్యమే వినబడలేదు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఖాళీ హాల్లో నిలబడి చప్పట్లు కొడితే ఒక్క చప్పట గోడ నుంచి గోడకు తిరుగుతూనే ఉంది. తర్వాత వెనక గోడకు కొబ్బరిపీచు పలకలు బిగించి, మందపాటి చాపలు పరిచి, రెండు పెద్ద స్పీకర్ల బదులు చిన్నవి ఆరు తక్కువ శబ్దంతో పెట్టించాం. మాట తేటపడింది. కొత్తగా కట్టేవాళ్ళు వెనక గోడను సందులున్న ఇటుక జాలీతో కట్టించండి. గాలీ వస్తుంది, మాటా తిరిగి కొట్టదు. వీలైతే స్లాబు బదులు వాలుగా పెంకుల కప్పు వేయండి.

పెద్ద గుమ్మం 5 అడుగులకు తగ్గకూడదు. భూస్థాపన రోజు శవపెట్టెను ఇరుపక్కలా మనుషులు పట్టుకుని లోపలికి తేవాలి. అక్కడ పెట్టెను ఒరగనివ్వడం ఆ కుటుంబం చూడకూడని దృశ్యం. తలుపులు బయటికి తెరుచుకోవాలి. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవున వాలుదారి, చెప్పుల దగ్గర కాళ్ళు కడుక్కునే కుళాయి, వెనక వంటపాక, మరుగుదొడ్లు మొదటి అంచనాలోనే ఉండాలి. తర్వాత కడదామన్న మరుగుదొడ్డి పదేళ్ళయినా లేవని ఊళ్ళు చూశాను.

గోపురం వద్దని నేను చెప్పను. మెదక్ చర్చి గోపురం 175 అడుగులు. కరువు రోజుల్లో ఆకలిగొన్నవాళ్ళకు పని, తిండి దొరికిన కట్టడమది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ చర్చిలో అక్కడి బిషప్ అజరయ్య మన మండప స్తంభాలకు, గుమ్మటాలకు చోటిచ్చారు. వెళ్ళి ఆ రెంటినీ చూడండి. మన రాయి, మన పనివాళ్ళ చెయ్యి ఏం చేయగలవో తెలుస్తుంది. మీ సంఘానికి మాత్రం గంట వినబడేంత ఎత్తు చాలు, మిగిలిన డబ్బు వరండాకు పెట్టండి.

పునాది తవ్వే ముందు సాయంత్రం స్థలంలో సున్నంతో ప్లాను గీయించి సంఘమంతటినీ చాపలతో రమ్మనండి. గీతల్లోపల కూర్చుని ఒక కీర్తన పాడి, ప్రార్థన చేయండి. మేస్త్రిని పక్కనే ఉండమనండి. తల్లులకు చోటు ఇరుకైందా, బల్ల దగ్గరికి దారి సరిపోయిందా, ముసలివాళ్ళ కుర్చీలు గుమ్మానికి దగ్గరగా పడ్డాయా అని ఒక్కొక్కరినీ అడిగి, కావలసినచోట గీతలు జరిపాకే మేకులు కొట్టించండి.