వీధిలో రెండు మూడు ఇళ్ళల్లో ఒకేసారి విరేచనాలు మొదలైతే ఏం చెయ్యాలి

ఇంట్లో ఒకరికి విరేచనాలైతే తిన్నదేదో పడలేదులే అనుకుంటాం, సరే. కానీ రెండ్రోజుల్లోనే పక్కింటి పిల్లాడికీ ఎదురింటి పెద్దావిడకీ కూడా మొదలైతే మాత్రం అది మన ఒక్క ఇంటి సంగతి కాదు, నీళ్ళల్లోనో అందరూ కలిసి తిన్నదాంట్లోనో ఏదో తేడా జరిగి ఉండొచ్చు. ఎవరి మందులు వాళ్ళు వేసుకుని ఊరుకోకుండా దగ్గర్లో ఉన్న ప్రభుత్వ హెల్త్ సెంటర్‌కి ఆ రోజే చెప్పండి. ఎవరో ఒకరు చెప్పే ఉంటార్లే అనుకుంటాం చూడండి, ఆలస్యమంతా అక్కడే.

ఊరికే మా వీధిలో ఎవరికీ బాలేదండీ అంటే వాళ్ళకేం అర్థం కాదు. ఒక కాగితం పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి రాసుకోండి, ఎవరికి వచ్చింది, వయసెంత, ఏ రోజు ఏ టైముకి మొదలైంది, తాగే నీళ్ళు ఎక్కడివి, ముందురోజుల్లో ఎక్కడైనా ఫంక్షన్‌లో తిన్నారా అని. బాగున్నవాళ్ళని కూడా అడగాలి, ఇది చాలామంది వదిలేస్తారు. 1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఎక్కడెక్కడున్నాయో చూస్తే ఎక్కువభాగం బ్రాడ్ స్ట్రీట్ పంపు చుట్టుపక్కలే తేలాయి, కానీ ఆ పక్కనే ఉన్న బీరు ఫ్యాక్టరీ పనివాళ్ళల్లో ఎవరూ కలరాతో పోలేదు, ఎందుకంటే వాళ్ళు ఆ పంపు నీళ్ళు తాగేవాళ్ళు కాదు. ఆ పంపు హ్యాండిల్ తీయించేశారు.

పైపు నీళ్ళే అయితే సప్లై ఆగి మళ్ళీ వచ్చినప్పుడు మొదట వచ్చే నీళ్ళు చూడండి. సప్లై లేనప్పుడు పైపులో ప్రెషర్ ఉండదు, పైపుకి చిల్లు ఉండి పక్కనే డ్రైనేజీ ఉంటే ఆ మురుగు లోపలికి లాగేసుకుంటుంది, అందుకే ముందు కాసేపు మసగ్గా, వాసనగా వస్తాయి. ఇది కూడా కాగితంలో రాయండి, ఏ ఇంటి దగ్గర, ఎన్నింటికి అని. నీళ్ళు టెస్ట్ చేసేవాళ్ళు వస్తే కుళాయి దగ్గర క్లోరిన్ ఎంతుందో అడగండి, లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములైనా మిగిలి ఉండాలి. నీళ్ళు బానే ఉన్నాయని వాళ్ళు చెప్పేదాకా తాగే నీళ్ళు తెర్లబెట్టుకోండి, బాగా మరగడం మొదలయ్యాక ఒక నిమిషం ఉంచితే చాలు.

ఈలోపు ఇంట్లో పడుకున్నవాళ్ళకి ఓఆర్ఎస్ మొదలుపెట్టండి, ప్యాకెట్ మీద ఎన్ని నీళ్ళు రాసుంటే అన్నే, ఎక్కువా తక్కువా వద్దు. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్ళీ స్పూన్ స్పూన్‌గా పట్టండి. పాలు తాగే బిడ్డకి తల్లిపాలు అస్సలు ఆపొద్దు. కళ్ళు లోతుకు పోయినా, ఉచ్చ రాకపోయినా, విరేచనంలో రక్తం పడినా, పిల్లలు మత్తుగా పడి ఉన్నా ఇంక ఇంట్లో చూసుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. మీ అంతట మీరు యాంటీబయాటిక్ కొనుక్కుని వేసుకోవద్దు.

చేతులు సబ్బుతోనే కడగండి, వాంతులు, విరేచనాలు తెచ్చే నోరోవైరస్ లాంటివాటికి శానిటైజర్ సరిగ్గా పనిచెయ్యదు. విరేచనాలైన మనిషి తగ్గాక కూడా ఇంకో రెండ్రోజులు వంటింటి జోలికి వెళ్ళకుండా ఉంటే మంచిది. ఆ కాగితం మాత్రం పారెయ్యకండి, రోజూ కొత్తగా ఎవరికైనా వచ్చిందా అని రాస్తూ ఉండండి, పైపు బాగుచేశాక కూడా కొత్త పేర్లు చేరుతున్నాయంటే మళ్ళీ వెళ్ళి చెప్పాలి.