ఇంగ్లీషులో 'కంట్రోల్' కనిపిస్తే ఏ అర్థం తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

కంట్రోల్ మనకి కొత్త మాటేం కాదు. కోపం కంట్రోల్ చేసుకో అంటాం, షుగర్ కంట్రోల్‌లో ఉందా అని అడుగుతాం, బండి కంట్రోల్ తప్పిందంటాం. చిక్కంతా అక్కడే. తెలిసిన మాటే కదా అని డిక్షనరీ తీయం, మనం రోజూ వాడే ఆ ఒక్క అర్థాన్నే, అంటే అదుపు అన్నదాన్నే, ఇంగ్లీషులో ఎక్కడ కనిపించినా తగిలించేస్తాం. నేనూ అంతే. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక పని ఆలస్యమవుతోందని పైవాళ్ళు కంగారుపడుతుంటే, అంతా నా చేతిలోనే ఉంది, టెన్షన్ పడకండి అని చెప్పబోయి 'ఐ యామ్ అండర్ కంట్రోల్' అని మెయిల్ పెట్టాను. అది చదివినవాళ్ళకి అర్థమయ్యేదేమిటంటే నన్నెవరో అదుపులో పెట్టారని, లేదా ఇందాక రెచ్చిపోయి ఇప్పుడు కాస్త శాంతించానని. తర్వాత రెండు రోజులపాటు పక్క సీటాయన నన్ను చూసినప్పుడల్లా 'ఇప్పుడెలా ఉంది, తగ్గిందా' అనేవాడు.

1. ముందు ఒక ప్రశ్న: ఇక్కడ జరిగేది అదుపు చేయడమా, సరిచూడడమా?

సగం గందరగోళం ఈ ఒక్క ప్రశ్నతో పోతుంది. ఎందుకంటే ఈ మాట పుట్టిందే లెక్కల్లోంచి. పాత ఫ్రెంచిలో దీని మూలానికి అర్థం 'ఎదురు చుట్ట'. పూర్వం లెక్కలు చుట్టిపెట్టే పొడవాటి పత్రాల మీద రాసేవాళ్ళు, ఒకరు రాసినదానికి జోడీగా మరొకరి దగ్గర రెండో చుట్ట ఉండేది, రెండూ పక్కపక్కన పరిచి చూస్తే ఎక్కడ పొరపాటు జరిగిందో, ఎక్కడ ఎవరు నొక్కేశారో బయటపడేది. సరిచూసేవాడికి పెత్తనం ఎలాగూ వస్తుంది కదా, పోనుపోను ఆ పెత్తనమే అసలు అర్థమై కూర్చుంది. ప్రభుత్వ లెక్కలు చూసే పెద్ద అధికారిని కంప్ట్రోలర్ అంటారు చూడండి, అదీ ఈ మాటే. ఫ్రెంచిలో లెక్క అనే అర్థమున్న ఇంకో మాటతో చుట్టరికం ఉందనుకుని స్పెల్లింగ్ అలా మార్చేశారు.

ఇప్పుడు విమానాశ్రయంలో 'పాస్‌పోర్ట్ కంట్రోల్' బోర్డు చూడండి. అక్కడ పాస్‌పోర్టుల్ని ఎవరూ అదుపు చేయరు, తనిఖీ చేస్తారు. 'క్వాలిటీ కంట్రోల్' కూడా చాలావరకు సరిచూడడమే. ఆడిట్ వాళ్ళు 'ఇంటర్నల్ కంట్రోల్స్' అన్నారంటే, చెక్కు మీద ఒకరు కాకుండా ఇద్దరు సంతకం పెట్టాలి లాంటి ఏర్పాట్లు.

ఈ సరిచూసే అర్థం కంటికి కనిపించేది ఇంట్లో చేసుకునే టెస్ట్ కిట్‌లో. ప్రెగ్నెన్సీ కిట్ కానీ కోవిడ్ కిట్ కానీ, పక్కన సి, టి అని రెండు అక్షరాలుంటాయి. సి అంటే కంట్రోల్, టి అంటే టెస్ట్. చుక్కలు వేశాక సి దగ్గర గీత రావడం చూసి గుండె జారిపోయేవాళ్ళున్నారు, అక్కర్లేదు. ఆ గీత చెప్పేది మీ గురించి కాదు, కిట్ గురించి: చుక్కలు పట్టీ పొడవునా పాకాయి, లోపలి మందు పనిచేస్తోంది అని. సి దగ్గర గీతే రాకపోతే, టి దగ్గర ఎంత చిక్కటి గీత వచ్చినా ఆ టెస్టు చెల్లదు, ఇంకోటి తీయాల్సిందే.

ప్రయోగాల్లో 'కంట్రోల్ గ్రూప్' కూడా ఇదే కుటుంబం. మందు ఇవ్వకుండా, లేదా పాత మందే ఇచ్చి, పోల్చి చూడటానికి పెట్టుకునే జట్టు అది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ డాక్టరు స్కర్వీతో, అంటే విటమిన్ సి లోపం వల్ల వచ్చే జబ్బుతో, పడున్న 12 మంది నావికుల్ని ఆరు జతలు చేసి ఒక్కో జతకి ఒక్కో చికిత్స ఇచ్చాడు. నారింజ, నిమ్మ తిన్న జత అందరికంటే త్వరగా లేచి తిరిగింది. మిగతా ఐదు జతలు లేకపోతే వాళ్ళు పండ్లవల్ల లేచారో, వాళ్ళంతట వాళ్ళే లేచారో ఎలా తెలుస్తుంది? వార్తల్లో వచ్చే 'కంట్రోల్డ్ ఫర్ స్మోకింగ్' అన్న ముక్క కూడా ఇక్కడే అర్థం చేసుకోండి. సిగరెట్లు మాన్పించారని కాదు, సిగరెట్ వల్ల వచ్చే తేడాని లెక్కలోంచి తీసేసి మిగతాది చూశారని. ఇది తెలియకుండా ఆరోగ్య వార్తలు చదివితే సగం తలకిందులుగా అర్థమవుతాయి.

2. ముందు 'ఎ', చివర 'ఎస్' ఉన్నాయేమో చూడండి

ఏమీ లేకుండా ఉత్త 'కంట్రోల్' అంటే పట్టు, అధికారం. 'కంట్రోల్స్' అంటే మీటలు, స్విచ్చులు, పెడల్స్ లాంటివి, లేదా ఆంక్షలు: 'ప్రైస్ కంట్రోల్స్' అంటే ధరల మీద ప్రభుత్వం పెట్టే పరిమితులు. 'హూ వాజ్ ఎట్ ద కంట్రోల్స్' అని అడిగితే బండో విమానమో ఎవరు నడుపుతున్నారని. 'ఎ కంట్రోల్' అని ఒంటరిగా వస్తే ఎక్కువగా ప్రయోగంలో పోల్చి చూసుకునేది, కాదంటే ఒక మీట. కీబోర్డు మీది కంట్రోల్ కీ కథ వేరు. టెలిప్రింటర్ల రోజుల్లో, అంటే ఇక్కడ టైపు చేసింది తీగ మీదుగా వెళ్ళి అవతల కాగితం మీద పడే యంత్రాల రోజుల్లో, దాన్ని నొక్కి పట్టుకుని అక్షరం కొడితే కాగితం మీద ఏమీ పడేది కాదు, యంత్రానికి ఆజ్ఞ వెళ్ళేది. కంట్రోల్, జి కలిపి కొడితే అవతలి యంత్రంలో గంట మోగేది.

3. 'ఇన్', 'అండర్', 'అవుట్ ఆఫ్', 'బియాండ్' దగ్గర ఆగండి

నేను బోల్తాపడింది ఇక్కడే. పట్టు ఎవరిదో వాళ్ళు 'ఇన్ కంట్రోల్', పట్టులో ఉన్నది 'అండర్ కంట్రోల్'. సైన్యం నగరాన్ని పట్టుకుంటే సైన్యం 'ఇన్ కంట్రోల్ ఆఫ్ ద సిటీ', నగరం 'అండర్ ద ఆర్మీస్ కంట్రోల్'. నా మెయిల్లో 'ఐ హావ్ ఇట్ అండర్ కంట్రోల్' అనుంటే సరిపోయేది.

'అండర్ కంట్రోల్' అంటే అయిపోయిందని కూడా కాదు. మంటలు అండర్ కంట్రోల్ అంటే ఆరిపోయాయని కాదు, ఇక పాకే ప్రమాదం తగ్గిందని. బీపీ అండర్ కంట్రోల్ అంటే మాత్రలు పనిచేస్తున్నాయని, మానేయొచ్చని కాదు.

తర్వాత 'అవుట్ ఆఫ్ కంట్రోల్', 'అవుట్ ఆఫ్ మై కంట్రోల్'. మధ్యలో ఆ చిన్న 'మై' లేకపోతే గోల గోలగా ఉంది, ఎవరూ ఆపలేకపోతున్నారని. ఉంటే నా చేతిలో లేదని మాత్రమే. వర్షం వల్ల రాలేకపోయానని చెప్పాలంటే రెండోదే, లేదా 'బియాండ్ మై కంట్రోల్'.

4. 'మీద' అన్నది ఇంగ్లీషులోకి లాక్కెళ్ళకండి

మనం ఫలానా దాని మీద కంట్రోల్ లేదంటాం కాబట్టి చేతికి 'కంట్రోల్ ఆన్' అనే వస్తుంది. పట్టు అనే అర్థంలో 'కంట్రోల్ ఓవర్' లేదా 'కంట్రోల్ ఆఫ్' రాయండి. ఆంక్షలైతే 'కంట్రోల్స్ ఆన్ ఇంపోర్ట్స్' సరైనదే. క్రియగా వాడితే మధ్యలో ఏదీ వద్దు, నేరుగా 'కంట్రోల్ యువర్ యాంగర్'.

5. అసలు ఈ మాట అవసరమా?

నవ్వు కంట్రోల్ చేసుకోలేకపోయాను అన్నదాన్ని ఉన్నదున్నట్టు రాసినా అర్థమవుతుంది, కానీ 'ఐ కుడ్ నాట్ స్టాప్ లాఫింగ్' అనడమే మామూలు. కన్నీళ్ళకి 'హోల్డ్ బ్యాక్' బాగుంటుంది. మనుషుల దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకరిని 'కంట్రోలింగ్' అంటే క్రమశిక్షణ గల మనిషి అని మెచ్చుకున్నట్టు కాదు, పక్కవాళ్ళని ఊపిరాడనివ్వడని తిట్టినట్టు. 'ఐ కంట్రోల్ మై టీమ్' అని రెజ్యూమెలో రాసేవాళ్ళు అక్కడ 'మేనేజ్' లేదా 'లీడ్' అని మార్చుకుంటే మంచిది.

స్పెల్లింగ్ సంగతి ఒక్క ముక్క: 'కంట్రోల్' చివర ఒక్క ఎల్, 'కంట్రోల్డ్', 'కంట్రోలింగ్'లలో రెండు. బ్రిటన్‌లోనైనా అమెరికాలోనైనా అంతే.