పాత, కొత్త రేడియో సర్వేలు పోల్చి కొత్తగా వెలిగిన క్వేజార్లను పట్టుకోవడం

క్వేజార్ అంటే నడుమ ఉన్న భారీ కృష్ణబిలం పదార్థాన్ని మింగుతూ మిరుమిట్లు గొలిపే గెలాక్సీ కేంద్రం. ఆ కృష్ణబిలం జెట్ (వేగంగా దూసుకుపోయే పదార్థపు ధార) చిమ్మడం మొదలుపెడితే, అంతవరకూ రేడియోలో జాడలేని గెలాక్సీ పదీ ఇరవై ఏళ్లలోనే ప్రకాశవంతమవుతుంది. వీటిని వెతకడానికి న్యూ మెక్సికోలోని వీఎల్ఏ టెలిస్కోప్ చేసిన రెండు సర్వేలు చాలు, రెండూ ఉచితమే. 1993–2011 మధ్య 1.4 గిగాహెర్ట్జ్ దగ్గర చేసినది ఫస్ట్. 2017లో 3 గిగాహెర్ట్జ్ దగ్గర మొదలైనది వీలాస్.

తెలిసిన క్వేజార్ల జాబితా తీసుకుని, 1 ఆర్క్‌సెకండ్ (డిగ్రీలో 3,600వ వంతు) లోపు వీలాస్ మూలం ఉన్నవాటిని ఏరండి. వాటిలో ఫస్ట్ కేటలాగులో లేనివి పక్కన పెట్టుకోండి. అందులో లేకపోతే అప్పటి కాంతి దాదాపు 1 మిల్లీజాన్‌స్కీ (రేడియో ప్రకాశానికి కొలమానం) కన్నా తక్కువని అర్థం. అయితే ఆ చోటు ఫస్ట్ పరిధిలో ఉందో లేదో ముందే చూసుకోవాలి. అసలు తీయని ఆకాశాన్ని మసకగా ఉందని లెక్కేస్తే పని మొత్తం వృథా.

అసలు చిక్కు ఫ్రీక్వెన్సీల తేడాతోనే. మామూలు సింక్రోట్రాన్ మూలానికి (అయస్కాంత క్షేత్రంలో తిరిగే వేగపు ఎలక్ట్రాన్ల నుంచి రేడియో కాంతి వచ్చేది) వర్ణపట సూచిక, అంటే ఫ్రీక్వెన్సీతో కాంతి ఎలా మారుతుందో చెప్పే ఘాతం, −0.7 అనుకుంటే, 1.4 దగ్గర 1 మిల్లీజాన్‌స్కీ ఉన్నది 3 దగ్గర 0.59కి పడిపోతుంది. కానీ తన రేడియో కాంతిని తానే మింగే చిన్న, చిక్కటి మూలంలో సూచిక +2.5 దాకా పోగలదు. అప్పుడు ఏ మార్పూ లేకుండానే 3 దగ్గర 6.7 మిల్లీజాన్‌స్కీలు వస్తాయి. కాబట్టి వీలాస్‌లో 2, 3 చూసి సంబరపడొద్దు. 7 దాటితే ఫ్రీక్వెన్సీ తేడా ఒక్కటే కారణం కాదని చెప్పొచ్చు. తక్కువైతే 1.4 దగ్గర మళ్లీ కొలవాల్సిందే. పుణె దగ్గరి జీఎంఆర్‌టీలో 1050–1450 మెగాహెర్ట్జ్ బ్యాండ్ అందుకు సరిపోతుంది.

ఫస్ట్ బీమ్ (విడదీసి చూడగలిగే అతిచిన్న చుక్క వెడల్పు) 5 ఆర్క్‌సెకండ్లు, వీలాస్‌ది 2.5. చిన్న బీమ్ పరుచుకున్న కాంతిని పోగొడుతుందే గానీ పెంచదు, అందుకే ఈ తేడా మనల్ని మోసం చేయదు. వీఎల్ఏదే మరో పాత సర్వే అయిన ఎన్‌వీఎస్ఎస్‌తో మాత్రం పోల్చకండి. దాని 45 ఆర్క్‌సెకండ్ల బీమ్‌లో పక్క గెలాక్సీలూ కలిసిపోయి, నిజంగా వెలిగినదాన్ని కూడా పాతదనిపిస్తాయి. వీలాస్ తొలి చిత్రాల్లో బాగా మెరిసే మూలాల చుట్టూ దొంగ చుక్కలుంటాయి, బొమ్మ తెరిచి కంటితో చూడండి.

జెట్ మన వైపే గురిపెట్టిన బ్లేజార్ల కాంతి ఎలాగూ ఎగసి పడుతుంటుంది. ఫెర్మీ ఉపగ్రహపు గామా కిరణాల కేటలాగులో ఉన్నవాటిని తీసేయండి. చిన్న మూలాలు మన పాలపుంతలోని ప్లాస్మా వల్ల మిణుకుమంటాయి కూడా. సుమారు 32 నెలల ఎడంతో తీసిన వీలాస్ విడతలన్నిటిలో కాంతి నిలిచిందో లేదో చూస్తే ఆ అనుమానం చాలావరకు తీరుతుంది.

మిగిలినవాటిని 1 నుంచి 18 గిగాహెర్ట్జ్ వరకు దాదాపు ఒకేసారి కొలిపించండి. వర్ణపటం కొన్ని గిగాహెర్ట్జ్ దగ్గర శిఖరం కట్టి, ఏళ్లు గడిచేకొద్దీ ఆ శిఖరం తక్కువ ఫ్రీక్వెన్సీల వైపు జరిగితే జెట్ పెరుగుతోందన్నమాట. సర్వేల మధ్య ఎడం మరీ ఎక్కువైతే జెట్ ఆరంభం చేజారుతుంది: 1ఈఎస్ 1927+654 అనే గెలాక్సీ 2023లో కొద్ది నెలల్లోనే రేడియోలో సుమారు 60 రెట్లు పెరిగింది.