ఇంటర్వ్యూ పోయిందా? ముందు ప్రశ్నలు రాసుకోండి

ఇంటర్వ్యూ గది నుంచి బయటికి రాగానే, నెల్లూరు బస్సెక్కకముందే, అడిగిన ప్రశ్నలన్నీ కాగితం మీద పెట్టండి. రాత్రికల్లా సగం మర్చిపోతారు. ప్రశ్న, మీరిచ్చిన జవాబు, దాని మీద వాళ్ళు మళ్ళీ ఏమడిగారు, ఈ మూడూ రాయాలి. మళ్ళీ అడిగిన చోటే లోపం బయటపడుతుంది.

రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంటులో క్వాలిటీ ఉద్యోగమే తీసుకోండి. హెచ్‌ఏసీసీపీ (ఆహారం పాడవకుండా, ప్రమాదం రాకుండా చూసే పద్ధతి) ఏడు సూత్రాలూ గడగడా అప్పజెప్పేస్తారు. ‘కోల్డ్ స్టోరేజీ మైనస్ 18 డిగ్రీలు దాటి వేడెక్కితే ఏం చేస్తావ్?’ అనగానే నోరు పెగలదు. సరుకు పక్కన పెట్టి హోల్డ్ ట్యాగ్ (తేలేదాకా కదపొద్దనే చీటీ) కట్టాలి, రొయ్య లోపలి ఉష్ణోగ్రత చూడాలి, ఎంతసేపు అలా ఉందో రికార్డులో వెతకాలి, పైవాళ్ళకు చెప్పి రిజిస్టరులో రాయాలి. అడిగింది ఈ వరస. ఇది తెలియక పుస్తకం మళ్ళీ మొదటి పేజీ నుంచి పట్టుకుంటే వారం వృథా.

అసలు పిలుపే రాకపోతే తప్పు రెజ్యూమేది. ప్రతి పోస్టుకూ ఒకటే కాపీ పంపకండి. టెక్నికల్ దాటి హెచ్‌ఆర్ దగ్గర ఆగిపోతుంటే జీతం, నైట్ షిఫ్టు, ‘చెన్నైలో వస్తే వెళ్ళిపోతావా?’ అనేవాటికి తడబడుతున్నారేమో చూడండి. కృష్ణపట్నం వైపు ఉద్యోగాలకైతే రానూపోనూ ఎలాగో కూడా ముందే తేల్చుకోండి. ‘చూస్తాను సార్’ అన్న జవాబు వాళ్ళకు ‘రాను’ అనే వినిపిస్తుంది.

ఫలితం తెలిసిన రెండు రోజుల్లో హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి. ‘నన్నెందుకు తీసుకోలేదు?’ అనొద్దు, వాదనకు దిగుతారని జవాబివ్వరు. ‘ఈ పోస్టుకు నేను ముందు ఏం నేర్చుకోవాలి?’ అని ఒక్కటే అడగండి. బదులు రాకపోతే వదిలేయండి, ఫోన్ల మీద ఫోన్లు చేయకండి.

సాధన ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ చేయాలి. తడబడిన జవాబు ముందు తెలుగులోనే, విషయం వరసగా వచ్చేదాకా చెప్పండి, తర్వాత ఇంగ్లీషులో. ‘ఇంగ్లీషు రాదు’ అని బాధపడేవాళ్ళలో చాలామందికి అసలు జవాబే సరిగా తెలియదు, నిందేమో భాష మీద పడుతుంది. పరిచయం తొంభై సెకన్లు దాటనివ్వకండి. నాన్నగారి వృత్తి, హాబీలు తీసేసి, ప్రాజెక్టులో మీ చేత్తో చేసిన పని చెప్పండి.

అదే కంపెనీకి మళ్ళీ అప్లికేషన్ పెట్టేటప్పుడు గడువు ఉందేమో కనుక్కోండి. కొన్నిచోట్ల ఆరు నెలలు ఆగమంటారు. ఈలోగా డబ్బు కడితే ఉద్యోగం ఖాయమనే కన్సల్టెన్సీలు తగులుతాయి. రూపాయి కూడా కట్టకండి, సర్టిఫికెట్ల ఒరిజినల్స్ చేతికివ్వకండి.