పిల్లలతో తక్కువ ఖర్చులో వేసవి క్రూజ్: చెన్నై కుటుంబాలు డబ్బు కట్టే ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

చెన్నై నుంచి పిల్లలతో సముద్రయానం చేయాలనుకునే కుటుంబం ముందుగా తేదీని, ఆ తరువాతే టికెట్ ధరను చూసుకోవాలి. నైరుతి రుతుపవనాల వల్ల జూన్ నుంచి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక, మిగిలిన కాలంలో ముంబై కేంద్రంగా నడిచే నౌక ఆ రోజుల్లో మన తీరానికి వస్తుంది. కొర్డీలియా సంస్థకు చెందిన ఎంప్రెస్ నౌక 2022 జూన్‌లో చెన్నై నుంచి ప్రయాణాలు మొదలుపెట్టింది. 2023లో శ్రీలంకలోని హంబన్‌టోట, ట్రింకోమలీ, కాంకేసంతురై రేవులకు, 2025లో విశాఖపట్నం, పుదుచ్చేరిలకు వెళ్లింది. అయితే తమిళనాడులో బడులు సాధారణంగా జూన్ మొదటి వారంలోనే తెరుస్తారు. కత్తిరి ఎండల్లో, సెలవుల మధ్యలో వెళ్దామని అనుకున్నవారికి చెన్నై నౌక తేదీలు బడి తెరిచాక పడే అవకాశం ఉంది కాబట్టి, పిల్లలకు మాట ఇచ్చే ముందే ఆ ఏడాది తేదీల పట్టికను, బడి క్యాలెండర్‌ను పక్కపక్కన పెట్టి చూసుకోవడం అవసరం.

మే నెలలోనే వెళ్లాలనుకునేవారు సాధారణంగా సింగపూర్ వైపు చూస్తారు. అక్కడి నుంచి ఏడాది పొడవునా నౌకలు బయలుదేరుతాయి, చెన్నై నుంచి విమానంలో సుమారు నాలుగు గంటల దూరం. రెండు వైపులా భూమి ఉన్న మలక్కా జలసంధిలో అలలు కొంత తక్కువగా ఉండటం చిన్నపిల్లలకు మేలు చేసే విషయమే. కానీ విమాన ఛార్జీలు, వీసా రుసుములు, నౌక ఎక్కే ముందు రోజు హోటల్ ఖర్చు కలిపితే, చవక అనిపించిన టికెట్ చవకగా మిగలదు. నౌక మలేషియాకో థాయ్‌లాండ్‌కో వెళ్లి తిరిగి సింగపూర్‌కే వస్తుంది కనుక సింగపూర్ వీసా ఒకటికి మించి ప్రవేశాలకు చెల్లేదిగా ఉండాలి. ఈ నియమాలు మారుతూ ఉంటాయి కాబట్టి ఏజెంటు మాటతో సరిపెట్టుకోకుండా ఆయా దేశాల అధికారిక వెబ్‌సైట్లలో స్వయంగా చూసుకోవాలి.

ప్రకటనల్లో కనిపించే ధర దాదాపు ఎప్పుడూ ఒక మనిషికి, అది కూడా ఇద్దరు ఒకే క్యాబిన్‌లో ఉంటారన్న లెక్కతో, పన్నులు కలపకుండా వేసిన ధర. తలకు 20,000 రూపాయలు అని ఉందనుకుందాం. నలుగురికి 80,000 అని మనసులో వేసుకున్న లెక్కకు రేవు రుసుములు, జీఎస్టీ, రాత్రికి ఇంత అని ఒక్కొక్కరి మీద పడే సేవా రుసుము తోడవుతాయి, ఆ సేవా రుసుము చాలా సంస్థల్లో పిల్లల మీద కూడా పడుతుంది. విదేశీ ప్యాకేజీ అయితే టీసీఎస్ (అమ్మేవారే ముందుగా వసూలు చేసి ప్రభుత్వానికి కట్టే పన్ను) కూడా వసూలు చేస్తారు. దానిని ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు, కానీ చెల్లించే రోజున ఆ డబ్బు చేతిలో ఉండాలి కదా. మరోవైపు, ఒకే క్యాబిన్‌లో మూడవ, నాలుగవ వ్యక్తికి టికెట్ బాగా తగ్గించే పద్ధతి చాలా నౌకల్లో ఉంది. చిన్న కుటుంబానికి నిజమైన ఆదా దొరికేది ఇక్కడే. అందువల్ల నలుగురి పేర్లు, వయసులు ఇచ్చి, అన్నీ కలిపిన మొత్తాన్ని రాతపూర్వకంగా తీసుకున్న తరువాతే ఒక నౌకను మరొక నౌకతో పోల్చాలి. శీతల పానీయాలు, వైఫై, తీరంలో తిప్పి చూపించే యాత్రలు సాధారణంగా టికెట్‌లో ఉండవు. ఫోన్‌ను నౌక ఎక్కగానే ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే, అది నౌకలోని ఉపగ్రహ నెట్‌వర్క్‌ను పట్టుకుని ఊహించని బిల్లు తెస్తుంది.

రద్దు నిబంధనలను చదవడానికి ఒక సాయంత్రం కేటాయించడం మంచిది. బంగాళాఖాతంలో వర్షాకాలానికి ముందు వచ్చే తుపానులు మే నెలలోనే ఎక్కువగా వస్తాయి. 2020లో అంఫాన్, 2021లో యాస్, 2023లో మోఖా, 2024లో రెమాల్ అన్నీ ఆ నెలలో వచ్చినవే. వాతావరణం వల్ల గాని, అనుమతులు రాకపోవడం వల్ల గాని రేవును మార్చే హక్కు నౌకా సంస్థకు ఒప్పందంలోనే ఉంటుంది. 2022 జూన్‌లో ఎంప్రెస్ నౌక పుదుచ్చేరిలో ఆగడానికి అక్కడి ప్రభుత్వం అనుమతి ఇవ్వకపోవడంతో ప్రయాణికులు ఆ ఊరిలో దిగలేకపోయారు. ఒక రేవు తప్పిపోయినంత మాత్రాన టికెట్ డబ్బు వెనక్కి రాదు. కనుక ఫలానా ఊరు చూడటం కోసమే నౌక ఎక్కే ఆలోచన ఉంటే, ఆ ఊరికి రైలులో వెళ్లడమే మేలని నా అభిప్రాయం.

పిల్లల వయసు విషయంలో మొహమాటం లేకుండా నిర్ణయించుకోవాలి. చాలా సంస్థలు ఆరు నెలలు నిండని శిశువులను, 24 వారాలు దాటిన గర్భిణులను నౌకలోకి అనుమతించవు. పిల్లల ఆటగదుల్లో సాధారణంగా మూడేళ్లు నిండి, డైపర్ మానేసిన పిల్లలనే చేర్చుకుంటారు, డైపర్ వేసుకున్న పిల్లలను ఈతకొలనుల్లోకి దిగనివ్వరు. అంటే రెండేళ్ల పాపతో వెళ్లే తల్లి, తాను డబ్బు కట్టిన వసతుల్లో సగం వాడుకోలేక క్యాబిన్‌కే పరిమితం కావచ్చు. ఆ పాపకు నాలుగేళ్లు వచ్చేవరకు ఆగితే ఇంటిల్లిపాదికీ ప్రయాణం దక్కుతుంది. మొదటిసారి వెళ్లేవారికి రెండు మూడు రాత్రులు చాలు.

క్యాబిన్ ఎంపికలో డబ్బు, క్షేమం రెండూ ఒకే వైపు మొగ్గడం ఈ ప్రయాణంలో అరుదుగా దొరికే వెసులుబాటు. నౌక ఊగడం ముందు వెనుక భాగాల్లోనూ పై అంతస్తుల్లోనూ ఎక్కువ, నడిమి భాగంలో కింది డెక్కులలో తక్కువ. ధర కూడా ఆ కింది క్యాబిన్లకే తక్కువ. ఎంప్రెస్ 1990లో సేవలోకి వచ్చిన నౌక. ఈనాటి మహానౌకలతో పోలిస్తే చిన్నది కాబట్టి అందులో ఈ తేడా మరింత తెలుస్తుంది. కుర్చీలు, బల్లలు ఎక్కే అలవాటున్న పసివాళ్లు ఉంటే బాల్కనీ గది తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. తీసుకోక తప్పకపోతే కుర్చీలను గది లోపల పెట్టి, బాల్కనీ తలుపు గడియ ఎప్పుడూ వేసి ఉంచాలి. మూడు నాలుగు పడకలున్న గదుల్లో పై పడకలు గోడ నుంచి కిందికి దింపేవి, వాటి మీద చిన్నపిల్లలను పడుకోబెట్టకూడదు.

సముద్రపు వికారం రెండేళ్ల నుంచి పన్నెండేళ్ల లోపు పిల్లలలో ఎక్కువగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు వేసుకునే మాత్రను సగం విరిచి ఇవ్వడం ప్రమాదకరం. వికారానికి మన మందుల షాపుల్లో తేలికగా దొరికే ప్రోమెథజీన్ వంటి మందును రెండేళ్ల లోపు పిల్లలకు అసలు ఇవ్వకూడదు. బయలుదేరే ముందే పిల్లల డాక్టరును కలిసి, బిడ్డ బరువును బట్టి మోతాదు రాయించుకోవాలి. వికారం మొదలైతే ఫోన్ తీసేసి, డెక్ మీదికి తీసుకువెళ్లి దూరంగా ఆకాశం సముద్రం కలిసే గీత వైపు చూడమనాలి. కడుపు మాడ్చకుండా కొద్దికొద్దిగా అన్నం పెట్టాలి. నౌకల్లో త్వరగా వ్యాపించే నోరోవైరస్ వల్ల వాంతులు, విరేచనాలు వస్తాయి. శానిటైజర్ దాని మీద అంతగా పనిచేయదు కనుక బఫేకు వెళ్లే ప్రతిసారీ పిల్లల చేతులను సబ్బుతో కడిగించాలి. ఓఆర్‌ఎస్ పొట్లాలు, జ్వరం మందు, రోజూ వాడే మందులు చీటీతో సహా చేతిసంచిలో ఉండాలి. నౌకలోని వైద్యానికి విడిగా డబ్బు కట్టవలసి ఉంటుంది. ఇంట్లో ఉన్న ఆరోగ్య బీమా సముద్రం మీద వర్తిస్తుందా అని బీమా సంస్థను ఈమెయిల్‌లో అడిగి, వర్తించదని చెబితే అత్యవసర తరలింపు ఖర్చును కూడా భరించే ప్రయాణ బీమా తీసుకోవాలి.

పత్రాలలో చాలామంది మరచిపోయేది పిల్లల పాస్‌పోర్టు గడువు. మైనర్ల పాస్‌పోర్టు సాధారణంగా ఐదేళ్లకే ముగుస్తుంది, ప్రయాణం నాటికి కనీసం ఆరు నెలల గడువు మిగిలి ఉండాలి. దేశంలోనే తిరిగే నౌకకు పిల్లల ఆధార్, జనన ధ్రువపత్రం దగ్గర ఉంచుకుంటే చాలావరకు సరిపోతుంది.

ఎక్కే రోజున చెన్నై రేవు ముందున్న రాజాజీ సాలై రోడ్డు రద్దీని దృష్టిలో పెట్టుకుని ముందుగానే బయలుదేరాలి. అప్పగించిన పెట్టెలు క్యాబిన్‌కు చేరడానికి కొన్ని గంటలు పట్టవచ్చు కనుక పిల్లలకు ఒక జత బట్టలు, మంచినీళ్లు చేతిలో ఉండాలి. ఇంట్లో వండిన పులిహోర, పెరుగన్నం సాధారణంగా లోపలికి అనుమతించరు, సీలు తీయని శిశువుల ఆహారానికి ముందే అనుమతి అడగాలి. పుదుచ్చేరి వంటి చోట నౌక దూరంగా లంగరు వేసి, ప్రయాణికులను చిన్న పడవల్లో ఒడ్డుకు చేరుస్తారు. చంటిబిడ్డతో ఆ పడవ దిగడం కష్టమనిపిస్తే నౌకలోనే ఉండిపోవడంలో తప్పులేదు. తీరం దిగినవారు చెప్పిన సమయానికి తిరిగి రాకపోతే నౌక ఆగదు.

నౌక బయలుదేరే వేళ జరిగే భద్రతా డ్రిల్లుకు పిల్లలను తప్పక తీసుకువెళ్లాలి. 2012 జనవరిలో ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా మునిగి 32 మంది మరణించినప్పుడు, అదే రోజు నౌక ఎక్కిన ప్రయాణికులకు అప్పటికి డ్రిల్లు జరగలేదు. ఏడు పొట్టి కూతలు, ఒక పొడవాటి కూత వినిపిస్తే ఎక్కడికి చేరాలో, ఆటగదిలో ఉన్న బిడ్డను అక్కడికి ఎవరు తీసుకువస్తారో ఆ డ్రిల్లులోనే సిబ్బందిని అడగాలి. క్యాబిన్‌లో పిల్లల కొలత లైఫ్ జాకెట్లు ఉన్నాయో లేదో చూసి, లేకపోతే మొదటి రాత్రి నిద్రపోయే లోపే తెప్పించుకోవాలి.