రవెన్నా బాప్టిస్టరీకి వెళ్లే ముందు ఇవి చూసుకోండి

వేసవి సెలవులకు ఇటలీ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకి, ముఖ్యంగా బొలోన్యా నుంచి ఒక్కరోజులో రవెన్నా చూసొద్దామనుకునేవాళ్లకి.

కాంబో టికెట్‌తో (ఒకే టికెట్‌పై కొన్ని కట్టడాలు చూసేది) పాటు టైమ్ స్లాట్ కూడా బుక్ చేయండి. నియోన్ బాప్టిస్టరీకి (బాప్టిస్టరీ అంటే బాప్తిస్మం ఇచ్చే కట్టడం), రోమన్ రాణి గల్లా ప్లాచీడియా పేరుతో ఉన్న సమాధి కట్టడానికి వేర్వేరు స్లాట్లు. రెండింటి మధ్య నడక ఉంది, ఖాళీ వదలకపోతే రెండోది పోతుంది.

ఊళ్లో బాప్టిస్టరీలు రెండు. ఏరియన్లది (క్రీస్తు తండ్రి దేవుడితో సమానం కాదన్న క్రైస్తవ వర్గం వాళ్లది), అంటే గోతుల రాజు థియోడరిక్ కాలం నాటిది, ఈ కాంబో టికెట్‌లో రాదు. అది విడిగా కొనాలి.

నియోన్ బాప్టిస్టరీ లోపల ఉండనిచ్చేది కొద్ది నిమిషాలే. ఫోన్ తర్వాత తీయొచ్చు, ముందు తలెత్తి గుమ్మటం మీది మొజాయిక్ (చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన చిత్రం) చూడండి: నడుమ క్రీస్తు బాప్తిస్మం, పక్కనే నీళ్లలోంచి పైకి లేచిన ముసలాయన (ఆయనే యోర్దాను నది!), చుట్టూ 12 మంది అపొస్తలులు. క్రీస్తు ముఖం మాత్రం తర్వాతి మరమ్మతులో చేసింది, 5వ శతాబ్దపు పనితనం కావాలంటే అపొస్తలుల ముఖాలు చూడాలి.

ఫ్లాష్ ఆపేయండి, అనుమతి లేదు. చిన్న బైనాక్యులర్ ఉంటే పట్టుకెళ్లండి, నా లెక్కలో కెమెరా కన్నా అదే నయం.